హాల్‌స్టాట్‌లో ఒక్క రోజు: టూర్ మేనేజర్‌గా నేను వినే అపోహలు, అసలు సంగతులు

తెలుగు గ్రూపులను యూరప్ తీసుకెళ్లడం నా పని. పదకొండేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఆస్ట్రియా ప్రోగ్రామ్‌లో హాల్‌స్టాట్ ఉందని తెలియగానే వాట్సాప్ గ్రూపులో ఒకే ఫొటో తిరగడం మొదలవుతుంది. సరస్సు, ఒడ్డున సన్నటి చర్చి గోపురం, వెనక నిటారుగా కొండ. ఆ ఫొటో చూసి బయల్దేరతారు, అక్కడే నిలబడి అదే ఫొటో తీసుకుని కోచ్ ఎక్కేస్తారు. మిగతా ఊరు వాళ్లకు కనబడనే లేదని నాకు ప్రతిసారీ బాధగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: చిన్న ఊరు, గంటన్నర చాలు.

ఊరు చిన్నదే. ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై ముప్పై నిమిషాల్లో నడిచేయొచ్చు. లెక్క తప్పేది అక్కడే. కోచ్‌లు ఆగేది ఊరికి దక్షిణాన, లాన్ అనే పేటలో. అక్కడినుంచి మార్కెట్ చౌక్‌కి నడక, చౌక్ నుంచి ఫొటో పాయింట్‌కి ఇంకో నడక, మళ్లీ అంతా వెనక్కి. గ్రూపులో పెద్దవాళ్లుంటే నడకకే గంట పోతుంది. టాయిలెట్ దగ్గర క్యూ, ఐస్‌క్రీమ్ దగ్గర క్యూ కలిపితే గంటన్నర అయిపోయినట్టే.

ఉప్పు గని చూడాలనుకుంటే దానికే మూడు గంటలు పెట్టుకోవాలి. గని, చర్చి, దాని పక్కనున్న పుర్రెల గది, సరస్సు ఒడ్డున కాసేపు కూర్చోవడం, ఇవన్నీ కావాలంటే ఐదారు గంటలు. అంత టైమ్ లేకపోతే గని వదిలేసి ఊరు చూడండి, లేదా ఊరు పైపైన చూసి గనికి వెళ్లండి. రెండూ పరుగు మీద చేస్తే ఏదీ గుర్తుండదు.

అపోహ: మధ్యాహ్నం వెళ్తే ఎండ బాగుంటుంది, ఫొటోలు బాగా వస్తాయి.

ఊరు సరస్సుకు పడమటి ఒడ్డున, కొండను ఆనుకుని ఉంది. ఇళ్ల ముఖాలు తూర్పుకి. అందుకే వెలుగు ఇళ్ల మీద పడేది పొద్దున్నే. మధ్యాహ్నం దాటాక సూర్యుడు కొండ వెనక్కి వాలతాడు, ఊరు నీడలోకి జారిపోతుంది. పొద్దున తొమ్మిదిలోపు చేరితే వెలుగూ ఉంటుంది, జనమూ పలచగా ఉంటారు.

అపోహ: ఊరంతా వెయ్యేళ్ల నాటి ఇళ్లే.

1750లో జరిగిన అగ్నిప్రమాదంలో ఊరి మధ్యభాగం చాలావరకు కాలిపోయింది. చౌక్ చుట్టూ ఇప్పుడు మనకు ముచ్చటగా కనిపించే రూపం ఆ తర్వాత కట్టుకున్నదే. కొన్ని ఇళ్ల గోడలకు పండ్ల చెట్లను పరిచినట్టు పాకించి పెంచారు, వాటిని మాత్రం ఆగి చూడండి. నేల తక్కువైన చోట చెట్టుకు గోడనే పెరడు చేశారు.

నేల ఎంత తక్కువంటే, 1890 దాకా ఈ ఊరికి బండి దారే లేదు. రావాలంటే పడవ, లేదా ఇరుకు కాలిబాట. ఇంటికీ సరస్సుకూ మధ్య వీధి వేయడానికి చోటు లేక, ఇళ్ల అటకల గుండా ఒకరి ఇంటి మీదుగా ఇంకొకరి ఇంటికి నడిచేవారు.

అపోహ: సముద్రం లేని చోట ఉప్పేమిటి? గని అంటే టూరిస్టుల కోసం పెట్టిన ఆట.

ఈ ప్రశ్న నాకు బాగా ఇష్టం. నౌపడ, చినగంజాం ఉప్పు మళ్లు చూసి పెరిగినవాళ్లకు ఉప్పంటే సముద్రపు నీరు, ఎండ. ఇక్కడా సముద్రమే కారణం, కాకపోతే దాదాపు 25 కోట్ల ఏళ్ల కిందటి సముద్రం. అది ఎండిపోయి ఉప్పు పొరలు మిగిలాయి. తర్వాత ఆల్ప్స్ పర్వతాలు పైకి లేచినప్పుడు ఆ ఉప్పు కొండ కడుపులోకి చేరింది. పక్కనున్న సాల్జ్‌బర్గ్ నగరం పేరుకు అర్థమే ఉప్పు కోట.

ఇక్కడ మనుషులు ఉప్పు తీయడం మొదలుపెట్టి సుమారు 7,000 ఏళ్లు. ఇప్పటికీ ఆపలేదు. ఇప్పుడు గడ్డలు తవ్వడం లేదు. కొండలోకి నీళ్లు పంపి ఉప్పును కరిగించి, ఆ ఉప్పునీటిని గొట్టాల్లో ఎబెన్‌జే ఊరిదాకా పంపుతారు. ఆ గొట్టం దారి 1595లో మొదలైంది. ఉప్పునీటిని మరిగించడానికి ఇక్కడ కట్టెలు చాలక, కట్టెలున్న చోటికి నీటినే పంపాలనుకున్నారు. సుమారు 13,000 చెట్ల మానులను తొలిచి, ఒకదానికొకటి అతికించి, 40 కిలోమీటర్ల గొట్టం వేశారు. ఆ దారి వెంట ఇవాళ కాలిబాట ఉంది, ఓపిక ఉన్నవాళ్లు కొంతదూరం నడవొచ్చు.

ఉప్పులో పడిన వస్తువు కుళ్లదు. ఆవకాయ పెట్టే ఇంట్లో ఎవరికీ ఇది చెప్పనక్కర్లేదు. అందుకే ఆనాటి కార్మికుల తోలు సంచులు, బట్టల పేలికలు, పనిముట్ల పిడులు గనిలో అలాగే దొరికాయి. క్రీ.పూ. 14వ శతాబ్దం నాటి చెక్క మెట్లు కూడా దొరికాయి. 1734లో ఏకంగా ఒక మనిషి శరీరమే బయటపడింది, ఏ కాలం వాడో తెలియని పాతకాలపు గని కార్మికుడు. 2021లో శాస్త్రవేత్తలు గనిలో దొరికిన 2,700 ఏళ్ల నాటి మానవ మలాన్ని పరీక్షించి, ఆ కార్మికులు బీరు తాగారనీ, బూజు పట్టించి పండించే చీజ్ తిన్నారనీ తేల్చారు. పిల్లలకు ఈ ఒక్క సంగతి చెబితే చాలు, గని మొత్తం శ్రద్ధగా వింటారు.

గని పైన కొండ మీద 1846 నుంచి యోహాన్ గేయార్గ్ రామ్‌సావర్ అనే గని అధికారి తవ్వకాలు జరిపి 900కు పైగా సమాధులు వెలికితీశాడు. ఆ తవ్వకాల వల్లే యూరప్ తొలి ఇనుప యుగానికి హాల్‌స్టాట్ పేరు పెట్టారు. ఈ ఊరికీ చుట్టుపక్కల ప్రాంతానికీ 1997లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అందానికి మాత్రమే ఇచ్చిన గుర్తింపు కాదది.

గనికి వెళ్లేవాళ్లకు రెండు మాటలు. లోపల వేసవిలో కూడా 8 డిగ్రీల చలి, స్వెటర్ ఉండాలి. నాలుగేళ్లలోపు పిల్లలను లోపలికి రానివ్వరు, ఆ మాట తెలియక గేటు దగ్గర తల్లో తండ్రో ఆగిపోవడం చాలాసార్లు చూశాను. గని దగ్గరికి కొండెక్కించే రైలును మరమ్మతులకు మూసే రోజులూ ఉంటాయి, టికెట్ కొనేముందు చూసుకోండి.

అపోహ: పుర్రెల గది అంటే క్షుద్రపూజల చోటు, పిల్లలకు చూపించకూడదు.

గ్రూపులో సగం మంది ఈ మాట విని మెట్ల దగ్గరే ఆగిపోతారు. దయచేసి ఆగకండి.

కొండ అంచున ఉన్న కేథలిక్ చర్చి పక్కన చిన్న శ్మశానం ఉంది. దాన్ని పెంచడానికి చోటు లేదు. అందుకని పూర్వం పదీ పదిహేనేళ్ల తర్వాత సమాధి తెరిచి, ఎముకలు తీసి, ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేవారు. తీసిన పుర్రెను పారేయలేదు. శుభ్రం చేసి, ఆరుబయట తెల్లబడేదాకా ఉంచి, దాని మీద పేరు రాసి, పూలో ఆకులో చిత్రించి, ఆ కుటుంబం వాళ్ల పుర్రెల పక్కన పెట్టారు. ఆ గదిలో సుమారు 1,200 పుర్రెలు ఉన్నాయి, అందులో 600కు పైగా రంగులు వేసినవి. 18వ శతాబ్దంలో మొదలైన ఆచారం ఇది. 20వ శతాబ్దంలో దహనం పెరిగాక దాదాపు ఆగిపోయింది. ఆఖరి పుర్రె 1995లో చేరింది, 1983లో కన్నుమూసిన ఒక మహిళది. అక్కడ చేరాలన్నది ఆమె కోరికే.

ఒకసారి మా గ్రూపులో తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. కంగారుపడి వెళ్లాను. చేతులు జోడించి నిలబడి ఉన్నారు. "మనం అస్థికలు గంగలో కలిపేస్తాం బాబూ. వీళ్లు పేరు రాసి ఇంట్లోవాళ్లలా దాచుకున్నారు. ఎవరి ప్రేమ వాళ్లది" అన్నారు. అప్పటినుంచి ఆ గది దగ్గర నేను ఆవిడ మాటే చెబుతున్నాను. లోపల మెల్లగా మాట్లాడండి, పుర్రెలతో సెల్ఫీ మాత్రం వద్దు.

అపోహ: ఇదంతా టూరిస్టుల ఊరు, ఇక్కడ ఎవరుంటారు?

సుమారు 750 మంది ఉంటారు. రద్దీ రోజుల్లో వచ్చేవాళ్లు 10,000 దాకా. మీ వీధిలోకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంతమంది వస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. 2023 వేసవి మొదట్లో ఫొటో పాయింట్ దగ్గర కొండ కనబడకుండా చెక్క దడి కట్టారు, విమర్శలు రావడంతో తీసేశారు. అదే ఏడాది ఆగస్టులో ఊరివాళ్లు రోడ్డు మీదికొచ్చి నిరసన తెలిపారు. కోచ్‌లకు ముందే స్లాట్ బుక్ చేసుకోవాలన్న నియమం 2020లోనే వచ్చింది. స్లాట్ లేకుండా తీసుకెళ్తామనే ఏజెంట్ మాట నమ్మకండి.

మీరు ఫొటో తీసుకునే ఆ మెట్లు ఎవరిదో ఇంటి గుమ్మం. దాని మీద కూర్చోవద్దు, కిటికీలోంచి లోపలికి తొంగిచూడొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు. గ్రూపుల్లో పేర్లు పెట్టి గట్టిగా పిలుచుకోవడం మనకు అలవాటు. సరస్సు మీద ఆ గొంతు చాలా దూరం వెళ్తుంది.

అపోహ: 'ఫ్రోజెన్' కార్టూన్ సినిమాలోని మంచు రాజ్యం ఈ ఊరే.

పిల్లలు అడిగితే నిజం చెప్పండి. ఆ సినిమా తీసినవాళ్లు పరిశీలనకు వెళ్లింది నార్వేకి.

అపోహ: వెజిటేరియన్లకు సూప్ అయితే భయం లేదు.

ఆస్ట్రియాలో నేను ఎక్కువ జాగ్రత్తపడేది సూప్ దగ్గరే. పలచటి సూప్‌లో సన్నగా తరిగిన అట్టు ముక్కలో, చీజ్ ఉండో వేసి ఇస్తారు. చూడ్డానికి పూర్తిగా శాకాహారమే. కింద ఉండే ఆ చారు మాత్రం చాలాచోట్ల గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లు. ముక్క లేదు కదా అని తాగేసి, తర్వాత తెలిసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. "మాంసం ఉందా" అని కాదు, "సూప్ నీళ్లు దేనితో చేశారు" అని అడగండి. చీజ్ వేసిన పిండి ముద్దల వంటకం కాస్‌నోకెన్ సాధారణంగా శాకాహారమే, అయినా పైన వేసేవేమిటో అడిగి తెలుసుకోండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, బాటిళ్లు కొనక్కర్లేదు.

అపోహ: రైల్లో వెళ్తే స్టేషన్ ఊళ్లోనే ఉంటుంది.

సొంతంగా వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. హాల్‌స్టాట్ స్టేషన్ సరస్సుకు అవతల, తూర్పు ఒడ్డున ఉంది. దిగగానే కిందికి నడిస్తే రేవు, అక్కడ పడవ. పది నిమిషాల్లో ఊళ్లో దింపుతుంది. రైళ్ల టైమ్ చూసుకునే పడవ నడుపుతారు కాబట్టి వచ్చేటప్పుడు టెన్షన్ లేదు. రైలు టికెట్‌లో పడవ ఛార్జీ కలిసి ఉండదు, విడిగా కొనాలి, చేతిలో కొంచెం క్యాష్ ఉంచుకోండి.

తిరిగి వెళ్లేటప్పుడే చిక్కు. ఆఖరి పడవ సాయంత్రం తొందరగా వెళ్లిపోతుంది, వేసవిలో ఇంకా బోలెడంత వెలుగు ఉండగానే. వెలుగుంది కదా అని కూర్చుంటే పడవ పోతుంది, దానితో రైలూ పోతుంది. ఊళ్లో దిగగానే రేవు దగ్గరున్న టైమ్ బోర్డును ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. ఆ రోజు మీరు తీసే మొదటి ఫొటో అదే కావాలి.