పిన్ను దిగితే సరిపోతుందా?

రూటర్ అడాప్టర్ పోయిందంటే మొదట జరిగేది పాత వైర్ల డబ్బా బోర్లించడం. అందులో నల్లటి అడాప్టర్లు నాలుగైదు ఉంటాయి. ఏది దేనిదో ఎవరికీ గుర్తుండదు. ఒక్కోదాని పిన్ను రూటర్‌లో పెట్టి చూస్తాం, దిగింది కదా అని స్విచ్ వేసేస్తాం. చిక్కంతా అక్కడే ఉంది. ఎక్కువగా కనిపించే గుండ్రటి పిన్నుకి బయటి కొలత 5.5 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 2.1 లేదా 2.5. ఇవే కొలతల్లో 5 వోల్టుల అడాప్టర్లూ ఉన్నాయి, 9, 12, 24 వోల్టులవీ ఉన్నాయి. పిన్ను దిగిందంటే కొలత కుదిరిందని మాత్రమే అర్థం. ఆ కొలత కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. 2.5 రంధ్రం ఉన్న పిన్ను 2.1 సాకెట్‌లోకి సులువుగానే వెళ్తుంది, కానీ వైరు కాస్త కదిలితే చాలు, పరికరం ఆగిపోతుంది.

కాబట్టి చూడాల్సింది లేబుల్. పాత అడాప్టర్ మీదున్న లేబుల్ కన్నా పరికరం అడుగున అచ్చువేసినదాన్నే నేను నమ్ముతాను. ఆ పాత అడాప్టర్ కూడా ఎప్పుడో ఎవరో డబ్బాలోంచి తీసి తగిలించిందే కావచ్చు.

అడాప్టర్ లేబుల్ మీద ‘ఇన్‌పుట్’, ‘అవుట్‌పుట్’ అని రెండు వరసలుంటాయి. ఇన్‌పుట్ వరసలో 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్, 0.5 ఆంపియర్ లాంటివి కనిపిస్తాయి. అది గోడ వైపు లెక్క. తొందరలో ఆ 0.5నే అడాప్టర్ ఇచ్చే కరెంటు అనుకునేవాళ్లు చాలామంది. మనకు కావలసింది అవుట్‌పుట్ వరస. అందులో వోల్టుల పక్కన ఒక అడ్డగీత, దాని కింద మూడు చిన్న గీతలు ఉంటే డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. అలలాంటి గీత ఉంటే ఏసీ, అంటే దిశ మారుతూ ఉండేది. ఇంట్లో వాడేవి దాదాపు అన్నీ డీసీయే, కానీ కొన్ని పాత మోడెములు, కొన్ని సంగీత పరికరాలు ఏసీనే అడుగుతాయి.

ఇక రెండు అంకెలు. వోల్టేజిని నిర్ణయించేది అడాప్టర్, కరెంటు ఎంత లాగాలో నిర్ణయించేది పరికరం. అందుకే వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంపియర్లు మాత్రం సమానంగానో ఎక్కువగానో ఉంటే చాలు. 12 వోల్టులు, 1 ఆంపియర్ కావలసిన రూటర్‌కి 12 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ పెడితే అది తనకు కావలసినంతే లాగుతుంది, మిగతా సామర్థ్యం ఊరికే ఉంటుంది. ‘మూడు ఆంపియర్లు పెడితే కాలిపోదా?’ అని భయపడనక్కర్లేదు.

భయపడాల్సింది దీనికి రివర్సులో. అదే రూటర్‌కి 12 వోల్టులు, 0.5 ఆంపియర్ అడాప్టర్ పెట్టారనుకోండి. లైట్లు మామూలుగానే వెలుగుతాయి. పని పెరిగి రూటర్ ఎక్కువ కరెంటు లాగినప్పుడు వోల్టేజి పడిపోయి, అది తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంది. మనం నెట్ కంపెనీని తిట్టుకుంటాం. విడిగా అడాప్టర్ ఉండే పెద్ద హార్డ్ డిస్కులూ అంతే. మోటారు కదలడానికి మొదటి క్షణాల్లో ఎక్కువ కరెంటు కావాలి. అది అందకపోతే డిస్కు టిక్కు టిక్కుమంటూ ఆగిపోతుంది.

వోల్టులు ఎక్కువైతే అంత నెమ్మదిగా ఉండదు వ్యవహారం. 12 వోల్టులు వచ్చే చోట సాధారణంగా 16 వోల్టులు తట్టుకునే కెపాసిటర్ (విద్యుత్తును కాసేపు పట్టి ఉంచే చిన్న భాగం) పెడతారు. దానికి 19 వోల్టుల లాప్‌టాప్ అడాప్టర్ తగిలిస్తే అది ఉబ్బడమో పేలడమో జరగొచ్చు. 19కీ 19.5కీ ఉన్నంత తేడా మాత్రం లెక్కలోకి రాదు.

ప్లస్, మైనస్ ఎటో చెప్పే చిన్న బొమ్మ కూడా లేబుల్ మీద ఉంటుంది. మధ్య చుక్క నుంచి వచ్చే గీత ప్లస్ గుర్తు దగ్గరికి వెళ్తే పిన్ను లోపలి భాగం ప్లస్ అని. ఎక్కువ వాటికి ఇదే పద్ధతి. గిటార్ పెడల్స్ (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే పెట్టెలు) మాత్రం సాధారణంగా 9 వోల్టులే తీసుకున్నా లోపల మైనస్ కోరతాయి. తిరగేసి ఇస్తే, లోపల రక్షణ డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) ఉన్న పరికరం బతుకుతుంది, లేనిది పోతుంది.

డబ్బాలో చేతికి బరువుగా తగిలే పాత రకం అడాప్టర్లు ఇంకో కథ. 12 వోల్టులని రాసి ఉన్నదాన్ని ఏమీ తగిలించకుండా మల్టీమీటర్‌తో చూస్తే 16, 17 కనిపిస్తుంది. మీటర్ పాడవలేదు. లోపల ఇనుప ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, ఒక కెపాసిటర్ తప్ప వోల్టేజిని పట్టి ఉంచేది ఏదీ లేదు. 12 వోల్టుల ఏసీ శిఖరం దానికి సుమారు 1.4 రెట్లు, అంటే 17 దగ్గర. కెపాసిటర్ ఆ శిఖరం దాకా నిండుతుంది. లేబుల్ మీది 12, పూర్తి లోడు పడి, అంటే పరికరం నిండుగా కరెంటు లాగి, వోల్టేజి కుంగినప్పటి మాట. కాబట్టి ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదన్న సూత్రం ఇక్కడ పనిచేయదు. పెద్ద అడాప్టర్‌కి చిన్న పరికరం తగిలిస్తే వోల్టేజి పైనే నిలబడుతుంది. తేలికగా ఉండే కొత్త రకం స్విచింగ్ అడాప్టర్లలో ఈ బాధ లేదు, లోడు ఎంతున్నా వోల్టేజిని అవే సరిచేసుకుంటాయి.

అడాప్టర్‌లా కనిపిస్తూ అడాప్టర్ కానివి కూడా ఉన్నాయి. 8.4, 12.6, 16.8 లాంటి అంకె కనిపిస్తే అది చాలావరకు లిథియం బ్యాటరీ ఛార్జర్. ఒక సెల్లు 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది, మూడు వరసగా ఉంటే 12.6. కరెంటుకి హద్దు పెట్టి, నిండగానే తగ్గించడం ఆ ఛార్జర్ పని. దాని చోట మామూలు అడాప్టర్ పెట్టి ప్రయోగాలు చేస్తే నిప్పుతో ఆటే. అలాగే ఎల్ఈడీ ప్యానెల్ లైటుకి కరెంటు అందించే డ్రైవర్ అనే పెట్టె మీద ‘27-42 వోల్టులు, 300 మిల్లీఆంపియర్లు’ అని ఉండొచ్చు. అక్కడ సూత్రం తలకిందులు. డ్రైవర్ కరెంటును స్థిరంగా ఉంచి వోల్టేజిని మారుస్తుంది. కాబట్టి ఆ 300నే కలపాలి, ఎక్కువిస్తే లైటు ఆయుష్షు తగ్గుతుంది.

లేబుల్ చెప్పలేనిది ఒకటుంది. అడాప్టర్ లోపల గోడ కరెంటు వైపుకీ, మన చేతికి తగిలే వైపుకీ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. చవకబారు నకిలీల్లో ఖర్చు మిగుల్చుకునేది ఆ ఎడం తగ్గించే. నన్నడిగితే డబ్బు ఆదా చేయాల్సిన చోటు అడాప్టర్ కాదు.

యూఎస్‌బీ-సి వచ్చాక ఈ తలనొప్పి సగం తగ్గింది. ఇందులోని పవర్ డెలివరీ పద్ధతిలో ఛార్జర్ ముందు 5 వోల్టులే ఇస్తుంది. పరికరం అడిగితేనే 9, 15, 20కి వెళ్తుంది. 2021లో ఈ ప్రమాణాన్ని 48 వోల్టులు, 240 వాట్ల దాకా పెంచారు. 60 వాట్లు దాటాలంటే కేబుల్ కూడా 5 ఆంపియర్లదై ఉండాలి. ఒక చివర యూఎస్‌బీ-సి, రెండో చివర గుండ్రటి పిన్ను ఉండి, పరికరం తరఫున 12 వోల్టులు అడిగే కేబుళ్లు కూడా దొరుకుతున్నాయి. అయితే పవర్ డెలివరీ తప్పనిసరి జాబితాలో 12 లేదు. మీ ఛార్జర్ అవుట్‌పుట్ వరసలో 12 వోల్టులు లేకపోతే కేబుల్ 9 దగ్గరో 5 దగ్గరో ఆగిపోతుంది, రూటర్ వెలగదు. అలాంటప్పుడు 12 వోల్టుల మామూలు అడాప్టర్ కొనుక్కోవడమే తేలిక.