గ్రూప్ ఇన్సూరెన్స్ బదులు నెలకింత డబ్బు: 2019లో మారిన లెక్క

అమెరికాలో కంపెనీలు గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ ఆపేసి, "నెలకు ఇంత ఇస్తాం, పాలసీ మీరే కొనుక్కోండి" అనడం మీద గొడవ మళ్లీ రాజుకుంది. ఈ పద్ధతికి పొడవైన చట్టపరమైన పేరుంది కానీ హెచ్‌ఆర్ వాళ్లు 'ఇక్రా' అంటారు. ఒబామాకేర్ (2010 నాటి ఆరోగ్య బీమా చట్టం) కింద సొంతంగా పాలసీ కొనుక్కునేవారికి ఇచ్చే అదనపు సబ్సిడీలు 2025 డిసెంబర్ 31తో ముగిశాయి. 2026కి వ్యక్తిగత పాలసీల ప్రీమియంలు సగటున 26 శాతం దాకా పెరిగాయి. ఏట్నా లాంటి పెద్ద ఇన్సూరెన్స్ సంస్థ ఆ మార్కెట్ నుంచే తప్పుకుంది. ఇలాంటి ఏడాదిలో ఆ మార్కెట్‌కే వెళ్లి పాలసీ కొనుక్కోమంటే ఉద్యోగికి టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? డాలస్, అట్లాంటా, న్యూజెర్సీల్లో చిన్న, మధ్యస్థాయి కంపెనీల్లో పనిచేసే తెలుగు కుటుంబాలకూ ఇది ఇంటి సమస్యే.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కంపెనీల ఇన్సూరెన్స్ ఎలా మొదలైందో చాలామంది చాలాసార్లు రాశారు. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే 2013 నుంచి చూస్తే చాలు.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఒక నోటీసు ఇచ్చింది. ఉద్యోగి సొంతంగా కొన్న పాలసీకి కంపెనీ పన్ను లేకుండా డబ్బు చెల్లిస్తే, ఆ చెల్లింపే ఒక గ్రూప్ ప్లాన్ కిందికి వస్తుందని చెప్పింది. గ్రూప్ ప్లాన్‌కు ఏడాదికి ఇంతే అనే పరిమితి ఉండకూడదని ఒబామాకేర్ చట్టం చెబుతుంది. నెలకింత అని ఇచ్చే డబ్బుకు పరిమితి ఎలాగూ ఉంటుంది. కాబట్టి అది కుదరదు. కాదని ఇస్తే ఒక్కో ఉద్యోగికి రోజుకు 100 డాలర్లు, అంటే ఏడాదికి 36,500 డాలర్ల దాకా జరిమానా. డబ్బు చేతిలో పెట్టినంత మాత్రాన ఇన్సూరెన్స్ ఇచ్చినట్టు కాదన్నది అప్పటి ప్రభుత్వ వైఖరి. 2016 డిసెంబర్‌లో కాంగ్రెస్ 50 మంది లోపు ఉన్న కంపెనీలకు మాత్రం కొంత సడలింపు ఇచ్చింది.

2017 అక్టోబర్ 12న ట్రంప్ సంతకం చేసిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌తో గాలి మారింది. 2019 జూన్‌లో ఆర్థిక, కార్మిక, ఆరోగ్య శాఖలు కలిసి తుది నిబంధన విడుదల చేశాయి. 2020 జనవరి 1 నుంచి ఎంత పెద్ద కంపెనీ అయినా గ్రూప్ ప్లాన్ బదులు ఈ డబ్బు ఇవ్వవచ్చు. కాలక్రమంలో 8 లక్షల కంపెనీలు, ఉద్యోగులు, వారి కుటుంబసభ్యులు కలిపి కోటీ 10 లక్షల మంది ఇందులోకి వస్తారని ప్రభుత్వమే అంచనా వేసింది.

అసలు మలుపు ఈ నిబంధనలోని ఒక లెక్కలో ఉంది. 50 మంది, అంతకు మించి ఉన్న కంపెనీ ఉద్యోగులకు ఇన్సూరెన్స్ ఇవ్వాల్సిన తన బాధ్యత తీర్చుకుందా లేదా అన్నది ఎలా తేలుస్తారంటే, ఉద్యోగి ఉండే ప్రాంతంలో దొరికే అతి చవక సిల్వర్ ప్లాన్ (వ్యక్తిగత పాలసీల్లో మధ్యరకం) ప్రీమియంలోంచి కంపెనీ ఇచ్చే డబ్బు తీసేస్తారు. మిగిలింది ఉద్యోగి ఆదాయంలో ఒక శాతం దాటకపోతే చాలు. 2026కి ఆ శాతం 9.96. నెలకు 6,000 డాలర్ల ఆదాయం, చవక సిల్వర్ ప్లాన్ ధర 700 అనుకుందాం. ఉద్యోగి దాదాపు 597 డాలర్లు భరించగలడని లెక్క. కంపెనీ 103 డాలర్లు ఇస్తే చట్టం దృష్టిలో పని అయిపోయినట్టే. పైగా ఇది ఒక్క ఉద్యోగి ప్రీమియం మీద వేసే లెక్క. భార్య లేదా భర్త, పిల్లల ప్రీమియం ఇందులోకి రాదు. ఆ ప్లాన్‌లో ఏ ఆసుపత్రులు ఉన్నాయి, మీ డాక్టర్ ఉన్నారా అన్న ప్రశ్న ఈ లెక్కలో ఎక్కడా లేదు.

ఉద్యోగుల ఫిర్యాదులన్నీ ఇక్కడి నుంచే పుడుతున్నాయి. గ్రూప్ ప్లాన్‌లో ఉన్నన్ని ఆసుపత్రులు వ్యక్తిగత పాలసీల్లో చాలాచోట్ల దొరకవు. టెక్సస్‌లో బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ 2016 నుంచే వ్యక్తిగత పాలసీల్లో పీపీఓ ప్లాన్ (నెట్‌వర్క్ బయటి డాక్టర్ల దగ్గరికి వెళ్లినా కొంత భరించే రకం) ఆపేసింది. గర్భిణిగా ఉండి డాక్టర్‌ను మార్చుకోవాల్సి వచ్చినా, క్యాన్సర్ చికిత్స మధ్యలో ఆసుపత్రి నెట్‌వర్క్ నుంచి జారిపోయినా ఆ నష్టాన్ని ఏ అలవెన్సూ పూడ్చలేదు. సిల్వర్ ప్లాన్ సగటున వైద్య ఖర్చులో 70 శాతమే భరిస్తుంది. కంపెనీల గ్రూప్ ప్లాన్లు సాధారణంగా 80 శాతం పైనే భరిస్తాయి. వయసు ఇంకో దెబ్బ. గ్రూప్‌లో పాతికేళ్ల కుర్రాడి జీతంలోంచీ, అరవై ఏళ్ల పెద్దాయన జీతంలోంచీ ఎక్కువగా ఒకే మొత్తం కోస్తారు. వ్యక్తిగత మార్కెట్‌లో చాలా రాష్ట్రాల్లో పెద్ద వయసువారి ప్రీమియం మూడు రెట్ల దాకా వెళ్తుంది. వయసును బట్టి డబ్బు పెంచే వీలు కంపెనీకి ఉంది, పెంచి తీరాలని మాత్రం లేదు. మార్పు ఏడాది మధ్యలో జరిగితే అప్పటిదాకా కట్టిన డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ చెల్లించడం మొదలుపెట్టేలోపు మనమే భరించాల్సిన మొత్తం) పోయి, కొత్త పాలసీలో మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

కంపెనీల వాదనలోనూ కొంత నిజముంది. 2025లో కుటుంబ గ్రూప్ పాలసీ సగటు ప్రీమియం ఏడాదికి 26,993 డాలర్లు. ఈ భారం తట్టుకోలేక ఇన్సూరెన్స్ పూర్తిగా ఎత్తేసే చిన్న కంపెనీ కన్నా ఇక్రా ఇచ్చే కంపెనీ మేలు. ఉద్యోగం మారినా పాలసీ చేతిలోనే ఉంటుంది.

రోగాలు ఎక్కువున్న వాళ్లను ఏరి బయటికి నెట్టేస్తారన్న భయం 2018లో ముసాయిదా వచ్చినప్పుడే వ్యక్తమైంది. అందుకే ఉద్యోగులను ఫుల్‌టైమ్, పార్ట్‌టైమ్, ప్రాంతం వంటి తరగతులుగానే విడగొట్టాలని, ఒకే తరగతిలో కొందరికి గ్రూప్, కొందరికి డబ్బు ఇవ్వకూడదని షరతు పెట్టారు. ఒక మినహాయింపు మాత్రం ఉంచారు. పాతవారికి గ్రూప్ ప్లాన్ కొనసాగిస్తూ, ఫలానా తేదీ తర్వాత చేరినవారికి డబ్బు మాత్రమే ఇవ్వవచ్చు. ఆంధ్రలో 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరిన ప్రభుత్వోద్యోగులు సీపీఎస్ (పాత పెన్షన్ బదులు పెట్టిన వాటా పెన్షన్ పథకం) గురించి ఎందుకంత పోరాడారో తెలిసినవారికి ఈ గీత వెంటనే అర్థమవుతుంది. పక్కపక్క కుర్చీల్లో ఒకే పని, హామీలు మాత్రం రెండు రకాలు.

2025 మేలో ప్రతినిధుల సభ తన భారీ పన్నుల బిల్లు ద్వారా ఈ పద్ధతికి 'ఛాయిస్' అని పేరు మార్చి చట్టంలోనే చేర్చాలని చూసింది. దీనికి మారే చిన్న కంపెనీలకు పన్ను రాయితీ కూడా ప్రతిపాదించింది. సెనేట్ ఆ భాగం తీసేసింది. కానీ జూలై 4న సంతకమైన అదే చట్టంలో హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) కుటుంబాలను నేరుగా తాకే ఇంకో అంశం మిగిలింది. కంపెనీ ఇచ్చే డబ్బు చట్టం లెక్క ప్రకారం చాలకపోతే, ఇప్పటిదాకా ఉద్యోగి దాన్ని వద్దని ఆదాయ పరిమితికి లోబడి ప్రభుత్వ సబ్సిడీ తీసుకోవచ్చు. 2026లో నలుగురున్న కుటుంబానికి ఆ పరిమితి 1,28,600 డాలర్లు. హెచ్‌4 (హెచ్‌1బీ ఉద్యోగి కుటుంబ వీసా) మీద ఉండి ఉద్యోగం లేని భార్య, ఇద్దరు పిల్లలు, ఒక్క జీతం ఉన్న ఇళ్లు చాలానే ఈ పరిమితిలోకి వస్తాయి. 2027 జనవరి 1 నుంచి గ్రీన్‌కార్డు లేని హెచ్‌1బీ ఉద్యోగులకు ఆ సబ్సిడీ ఉండదు. పాలసీ కొనుక్కోవచ్చు, పూర్తి ధర పెట్టి.

2027 జనవరి 1న ఇక్రాకు మారే కంపెనీ 90 రోజుల ముందు, అంటే 2026 అక్టోబర్ 3 నాటికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ కాగితం అందినప్పుడు హెచ్‌ఆర్‌ను రెండు విషయాలు అడగాలి. నా వయసుకు, నా పిన్‌కోడ్‌కు చవక సిల్వర్ ప్లాన్ ఎంత? అలవెన్స్‌కు మించిన ప్రీమియం పన్ను కోతకు ముందే జీతంలోంచి కట్టే వీలుందా? రెండోదానికి అవునని జవాబు వస్తే ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో (ఒబామాకేర్ పాలసీలు అమ్మే ప్రభుత్వ వేదికలో) కాక, బయట నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర కొన్న పాలసీకే ఆ సౌకర్యం వర్తిస్తుంది.