వాక్యూమ్ పంపు ఆగితే: బ్యాకప్ హొరైజన్ మీద అపోహలు, వాస్తవాలు

మాది దేవరకొండ. చాలా ఏళ్లుగా చిన్న విమానాల్లో ఫ్లయింగ్ నేర్పుతున్నాను. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి పైలట్ కోర్సులో చేరిన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు మా ఇంటికీ వస్తుంటారు. వాక్యూమ్ ఫెయిల్యూర్ మాట వస్తే మాత్రం వాళ్ల దగ్గర అవే పొరపాట్లు మళ్లీ మళ్లీ వింటున్నాను. పరీక్షలో రెండు మార్కులు పోయే సంగతైతే నేనింత టెన్షన్ పడేవాణ్ని కాదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సెస్నా 152, 172ల పాత ప్యానెల్‌లో ఇంజిన్‌తో పాటు తిరిగే చిన్న పంపు ఒకటి గాలిని లాగుతుంది. ఆ గాలితో రెండు గైరోలు, అంటే వేగంగా తిరిగే చిన్న చక్రాలు, పనిచేస్తాయి. ముక్కు పైకుందా, రెక్క ఎటు వాలింది అని చూపే ఆర్టిఫిషియల్ హొరైజన్ ఒకటి, దిశ చూపే డీఐ రెండోది. మలుపు చూపే టర్న్ కోఆర్డినేటర్ మామూలుగా కరెంటుతో నడుస్తుంది. అన్నీ ఒకేసారి పోకూడదనే అలా విడదీశారు.

అపోహ: పంపు పోతే హొరైజన్ ఆగిపోతుంది, వెంటనే తెలిసిపోతుంది.

తెలియదు. అసలు ప్రమాదమంతా ఇక్కడే ఉంది. గైరో అంటే బొంగరమే. నిమిషానికి 10 వేలకు పైగా చుట్లు తిరిగే బొంగరం. తాడు లాగేశాక బొంగరం టక్కున పడిపోదు కదా! కాసేపు నిటారుగా తిరుగుతుంది, తర్వాత మెల్లగా తల వాలుస్తుంది. గైరో కూడా అంతే, కొన్ని నిమిషాల పాటు నెమ్మదిస్తూ ఒక పక్కకు ఒరుగుతుంది. చాలా పాత పరికరాల్లో హెచ్చరిక జెండా కూడా ఉండదు.

ఒక జనవరి ఉదయం సాగర్ నీళ్ల మీద ఉన్నాం. కింద తెల్లటి నీళ్లు, పైన తెల్లటి మంచు, మధ్యలో గీతే లేదు. నా పక్కన కూర్చున్న కుర్రాడు చక్కగా నడుపుతున్నాడు. హొరైజన్ కొంచెం ఎడమకు వాలితే కుడికి సరిచేశాడు. మళ్లీ వాలింది, మళ్లీ సరిచేశాడు. అతని చేతిలో తప్పు లేదు, కళ్ల ముందున్నదాన్ని నమ్మాడు. టర్న్ కోఆర్డినేటర్‌లో బొమ్మ విమానం మాత్రం కుడి రెక్క దించి కూర్చుంది. పంపు పీల్పు చూపే సక్షన్ గేజ్ చూశాను, సున్నా. "సార్, నేను స్ట్రెయిట్‌గానే పోతున్న కదా?" అన్నాడు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. చెక్‌లిస్ట్ కార్డుతో హొరైజన్‌ను కప్పేసి, మిగిలిన పరికరాలతో వెనక్కి తిరిగాం.

దిగాక ఇంజినీరు పంపు విప్పి నా అరచేతిలో పెట్టాడు. లోపలి గ్రాఫైట్ రెక్కలు ముక్కలై నల్లటి పొడి రాలింది. నూనె లేకుండా తిరిగే ఈ డ్రై పంపులు ఇలాగే పోతాయి. కిందటి రోజు దాకా గేజ్ బాగానే ఉంటుంది, ఒక్క క్షణంలో విరుగుతాయి. ఇంజిన్‌కు దెబ్బ తగలకుండా మధ్యలోని కప్లింగ్ కావాలనే తెగేలా చేస్తారు.

అపోహ: ఒళ్లు చెబుతుంది, సీట్లో కూర్చుంటే వాలింది తెలియదా?

చెవి లోపలి ద్రవం మలుపు మొదలవడాన్ని పట్టుకుంటుంది. మలుపు అలాగే సాగితే కొన్ని సెకన్లలో సర్దుకుని ఏమీ లేదంటుంది. బాగా నెమ్మదిగా మొదలైన మలుపునైతే అసలు పట్టుకోదు. 1954లో అమెరికాలోని ఇల్లినాయి యూనివర్సిటీలో ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మందితో పరీక్ష చేశారు. బయటి చూపు పోయాక 20 మందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లు పట్టింది, అంటే మూడు నిమిషాలు కూడా కాదు. అదే మనుషులు పరికరాలు చూస్తూ వెనక్కి తిరగడం నేర్చుకున్నాక బయటపడగలిగారు. ఈ రెండో సగాన్ని ఎవరూ చెప్పరు.

అపోహ: ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంది, అదే బ్యాకప్.

దీని మీద పిల్లలతో గట్టిగానే వాదిస్తాను. చిన్నప్పుడు నీళ్ల చెంబుకు తాడు కట్టి గిరగిరా తిప్పని వాళ్లుండరు. చెంబు తలకిందులైనా చుక్క కారదు, ఎందుకంటే ఆ నీళ్లకు "కింద" అంటే చెంబు అడుగే. సరిగ్గా బ్యాలెన్స్ చేసిన మలుపులో ఫోన్‌లోని యాక్సెలరోమీటర్‌కూ అంతే, దానికి కింద అంటే విమానం ఫ్లోరే. 30 డిగ్రీలు వాలి తిరుగుతున్నా లెవెల్ యాప్ "సమంగా ఉంది" అంటుంది. అమెరికా విన్యాసాల పైలట్ బాబ్ హూవర్ విమానాన్ని దొర్లిస్తూ (బ్యారెల్ రోల్) గ్లాసులో టీ పోసింది ఈ సూత్రం మీదే.

గైరోలు, జీపీఎస్ కలిపి విమానం వాలును లెక్కగట్టే పోర్టబుల్ ఏహెచ్‌ఆర్‌ఎస్ పరికరం వేరు, దానికి విలువ ఉంది. కానీ దాని బొమ్మ కనిపించేది టాబ్లెట్‌లో. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాడమని ఆపిల్ చెబుతోంది. మే నెలలో మన నల్గొండ ఎండ ఎంతో మీకు తెలుసు. డ్యాష్ మీద పెడితే వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది. లేనిదానికంటే నయం అనుకుని దగ్గర ఉంచుకోండి, ఉంది కదా అని మబ్బులోకి మాత్రం వెళ్లకండి.

అపోహ: కుడి సీటు ముందు ఇంకో హొరైజన్ ఉంది, చాలు.

2000 అక్టోబరు 16న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర గవర్నర్ మెల్ కార్నహన్ ప్రయాణిస్తున్న సెస్నా 335 కూలింది. గాలి కుదుపులున్న చెడు వాతావరణంలో పైలట్ దిక్కు తెలియని స్థితికి లోనై అదుపు కోల్పోయారని, ప్రధాన ఆటిట్యూడ్ ఇండికేటర్ (అంటే హొరైజనే) పాడవడం అందుకు తోడైందని అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. కుడివైపు పరికరం చూస్తూ నడపడానికి ఆయన ప్రయత్నించారు. మబ్బులో తల పక్కకు తిప్పి చూడటమే కళ్లు తిరిగేలా చేస్తుంది. బ్యాకప్ మీ కంటి ముందుండాలి.

అపోహ: స్టాండ్‌బై వాక్యూమ్ ఉంటే ఏ భయం లేదు.

అంటే పంపు పోతే గాలి లాగే రెండో ఏర్పాటు. అది ఇంజిన్ ఇన్‌టేక్ నుంచి పీల్చే రకమైతే, పూర్తి పవర్‌లో దానికి పీల్పు చాలదు. థ్రాటిల్ తగ్గించాలి. మబ్బులో ఎక్కుతున్నప్పుడు ఆ పని ఎంత కష్టమో ఊహించండి.

అపోహ: మాది గ్లాస్ కాక్‌పిట్, వాక్యూమ్ గొడవే లేదు.

గ్లాస్ కాక్‌పిట్ అంటే సూదుల బదులు తెరలు. జీ1000 అనే ఆ తెరల ప్యానెల్ ఉన్న పాత 172లలో స్టాండ్‌బై హొరైజన్ వాక్యూమ్‌తోనే నడుస్తుంది. పంపు పోతే పెద్ద తెర వెలుగుతూనే ఉంటుంది, బ్యాకప్ మాత్రం పోయిందన్నమాట. తెర మీది లో వాక్యూమ్ హెచ్చరికను, గేజ్‌ను పట్టించుకోకపోతే ఆ సంగతి గమనించకుండా పోవచ్చు.

ఇప్పుడు మంచి దారులున్నాయి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2003లోనే ఏసీ 91-75 అనే సలహా పత్రం ద్వారా, స్లిప్ బాల్ (విమానం పక్కకు జారుతోందా అని చూపే గోళీ), విడి పవర్ వంటి షరతులతో, చిన్న విమానాల్లో టర్న్ ఇండికేటర్ స్థానంలో రెండో ఆటిట్యూడ్ పరికరం పెట్టుకోవచ్చంది. గార్మిన్ జీ5 లాంటి వాటికి సొంత బ్యాటరీ ఉంటుంది, 4 గంటల వరకు వస్తుందని కంపెనీ మాట. ఎండలో నిలబడే విమానంలో ఆ బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. అందుకే స్టార్ట్‌కు ముందు బ్యాటరీ టెస్ట్ చేయకుండా కదలనివ్వను. ఏది బిగించినా ఆమోదం ఉన్న డేటా, లైసెన్సు ఉన్న ఇంజినీరు సంతకం తప్పనిసరి.

అపోహ: గేజ్ ఎక్కువ చూపిస్తే పంపు బలంగా ఉన్నట్టు.

172లో 4.5 నుంచి 5.5 అంగుళాల (పాదరసం కొలత) మధ్య ఉండాలి. రెగ్యులేటర్ ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోతే రీడింగ్ పెరుగుతుంది. మన ఎర్రమట్టి గాలిలో ఇది మామూలే. స్క్రూ తిప్పి రీడింగ్ తగ్గించేముందు ఫిల్టర్ మార్చండి.

అపోహ: డీఐ పోయినా కంపాస్ ఉంది, అది చూపినట్టు తిరగడమే.

ఉత్తరానికి తిరిగేటప్పుడు కంపాస్ వెనకబడుతుంది, దక్షిణానికి ముందుకు పరిగెడుతుంది. ఆ తేడా దాదాపు మనమున్న అక్షాంశమంత, మన దగ్గర 17 డిగ్రీలు. విదేశీ పుస్తకంలో 30 అని చదివి ఇక్కడ 30 వాడేవాళ్లను చూశాను. అంతకంటే తేలిక గడియారం: స్టాండర్డ్ రేట్ మలుపు సెకనుకు 3 డిగ్రీలు, ఒక్క నిమిషంలో వెనక్కి తిరిగిపోతారు.

అపోహ: పార్షియల్ ప్యానెల్ (కొన్ని పరికరాలు లేకుండా నడపడం) ప్రాక్టీస్ చేశాను, చాలు.

ఇన్‌స్ట్రక్టర్ అట్ట తెచ్చి హొరైజన్ మూసిన క్షణమే మీకు ఫెయిల్యూర్ తెలిసిపోతుంది. అసలుది అలా చెప్పి రాదు. అందుకే నా పిల్లల చేత హుడ్ (బయటి చూపు మూసే టోపీ) కింద ప్రతి మూడు నిమిషాలకోసారి గట్టిగా చెప్పిస్తాను. డిండి దాటి నల్లమల వైపు తిరిగిన రాత్రి ఫ్లైట్లలోనైతే ఇంకా తరచుగా. కింద ఒక్క దీపం కనిపించని చోట, హెడ్‌సెట్‌లో ఆ గొంతు వినిపిస్తుంటుంది: "సక్షన్ 5, హొరైజన్ సమం, టర్న్ సమం, మూడూ ఒకే మాట సార్."