అమెరికా పల్లెటూళ్ళో చౌకగా ఇల్లు, పొలం కొనుక్కుందాం అనుకునేవాళ్ళ కోసం: అపోహలు - వాస్తవాలు

నేను మిస్సోరీలో రియల్ ఎస్టేట్ ఏజెంటుని, లైసెన్స్ వచ్చి పదకొండేళ్ళయింది, స్ప్రింగ్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఓజార్క్స్ కొండల వైపు ఇళ్ళు, పొలాలు చూపిస్తుంటాను. కోవిడ్ తర్వాత నుంచి మనవాళ్ళ ఫోన్లు బాగా పెరిగాయి. డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి, బే ఏరియా నుంచి. "అక్కా, జిల్లో అనే ఇళ్ళ వెబ్‌సైట్‌లో అయిదెకరాలు చూశాం, మా ఊళ్ళో రెండొందల గజాల ప్లాటు కంటే తక్కువకే వస్తోంది, కొనేద్దామా?" అని.

మా నాన్న తెనాలి దగ్గర ఎకరన్నర కొనడానికి ఆరు నెలలు తిరిగారు. బండి వెళ్ళే దారి ఎవరి పొలం మీంచి ఉంది, కాలవ నీళ్ళు చివరిదాకా వస్తాయా, గట్టు పక్క రైతు ఎలాంటివాడు, కాగితాలు ఎన్ని చేతులు మారాయి, ఇవన్నీ తెలుసుకున్నాకే అడ్వాన్స్ ఇచ్చారు. అదే ఇంట్లో పెరిగినవాళ్ళం అమెరికా వచ్చేసరికి ఫొటోలు చూసి ఆఫర్ పెట్టేస్తున్నాం. ఎకరం ఇక్కడైనా అక్కడైనా అదే 43,560 చదరపు అడుగులు, అదే వంద సెంట్లు. నాన్న అడిగిన ప్రశ్నలూ అవే పనికొస్తాయి, ఇంకొన్ని కలుపుకోవాలి అంతే.

అపోహ: సిటీకి దూరంగా పోతే అన్నీ చౌకే

భూమి చౌక, నిజమే. కానీ సిటీలో ఇల్లు కొంటే నీళ్ళు, మురుగు, గ్యాస్, రోడ్డు ఇవన్నీ ఇంటి రేటులోనే కలిసి వచ్చేస్తాయి, మనం వాటి గురించి ఆలోచించం కూడా. ఇక్కడ ఖాళీ స్థలం కొంటే ఒక్కోటీ మనమే పెట్టుకోవాలి. బోరు వెయ్యాలి. సెప్టిక్ పెట్టాలి, దానికి ముందు మట్టి నీళ్ళు పీలుస్తుందా లేదా అని పెర్క్ టెస్ట్ చేయించాలి, మట్టి పీల్చకపోతే మామూలు సెప్టిక్ కుదరదు, వేరే రకం సిస్టం పెట్టాలి, అది ఇంకా చాలా ఖరీదు. కరెంటు స్తంభం రోడ్డు మీద ఉంటుంది, ఇల్లేమో చెట్ల మధ్యలో 800 అడుగులు లోపలికి కట్టుకోవాలనుంటుంది, ఆ లైను లాగడానికి కరెంటు కోఆపరేటివ్ (పల్లెల్లో కరెంటిచ్చే సహకార సంఘం) ఎంత తీసుకుంటుందో స్థలం కొనకముందే ఫోన్ చేసి అడగాలి. గ్యాస్ పైపు ఉండదు, ప్రొపేన్ ట్యాంకు నింపించుకోవాలి, ఆ ట్యాంకు సొంతమా, కంపెనీ దగ్గర అద్దెకి తీసుకున్నదా అన్నది కూడా కాగితం మీద చూస్కోవాలి.

నీళ్ళ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, నాకు నిద్రపట్టని విషయం ఇదే. సొంత బోరు నీళ్ళకి ఫెడరల్ సేఫ్ డ్రింకింగ్ వాటర్ యాక్ట్ వర్తించదు. టౌన్ నీళ్ళని ఎవరో ఒకరు టెస్ట్ చేస్తారు, మన బోరుని మనమే చేయించుకోవాలి. మా ఓజార్క్స్‌లో కింద అంతా సున్నపురాయి, లోపల గుహలు, పగుళ్ళు, మిస్సోరీలో నమోదైన గుహలే 7,000 పైన ఉన్నాయి. పైన కురిసిన వాన మట్టిలో వడకట్టుకోకుండా ఆ పగుళ్ళలోంచి నేరుగా కిందకి దిగిపోతుంది, దాంతో పాటు పక్కవాళ్ళ సెప్టిక్ నీళ్ళు, పశువుల పేడ నీళ్ళు కూడా దిగుతాయి. ఒకసారి చిన్న బాబు ఉన్న జంట కోసం ఇల్లు చూశాం, చాలా బాగుంది, నీళ్ళు కూడా అద్దంలా ఉన్నాయి. టెస్ట్‌లో కోలిఫాం వచ్చింది, అంటే నీళ్ళలో మురుగు కలిసిందేమోనని అనుమానించాల్సిన బాక్టీరియా. ఇల్లు అమ్మేవాళ్ళకి కూడా తెలీదు, ఇరవై ఏళ్ళుగా అవే తాగుతున్నారు. తర్వాత అతి దగ్గర్లో పొలంలో ఒక సింక్‌హోల్ (నేల కుంగి ఏర్పడ్డ గుంట) కనిపించింది, దాని నిండా పాత చెత్త, పాత టైర్లు. కనీసం కోలిఫాం, నైట్రేట్ ఈ రెండు టెస్టులైనా చేయించకుండా సంతకం పెట్టొద్దు. నైట్రేట్ లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటితే పాలు తాగే పిల్లలకి ప్రమాదం, కాచినా పోదు, కాస్తే ఇంకా చిక్కబడుతుంది.

అపోహ: యూఎస్‌డీఏ లోన్ రైతులకి మాత్రమే / యూఎస్‌డీఏ లోన్ ఎవరికైనా వస్తుంది

రెండూ తప్పే. యూఎస్‌డీఏ అంటే అమెరికా వ్యవసాయ శాఖ, కానీ వాళ్ళ రూరల్ డెవలప్‌మెంట్ గ్యారంటీడ్ లోన్ మామూలు ఇల్లు కొనుక్కోడానికే, డౌన్ పేమెంట్ సున్నా. వ్యవసాయ ఆదాయం వచ్చే ఆస్తికి అసలు ఇవ్వరు. ఇంటి మొత్తం ఆదాయం ఆ ఏరియా మధ్యస్థ ఆదాయంలో (మీడియన్) 115 శాతం దాటకూడదు, మొదట్లో 1 శాతం ఫీజు, తర్వాత ఏటా 0.35 శాతం. ఏ అడ్రస్ కిందకి వస్తుందో వాళ్ళ సైట్‌లో మ్యాప్ ఉంది, చాలామంది పల్లె అనుకోని టౌన్లు కూడా అందులో పడతాయి, ముందు చూడండి.

కానీ హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఇది రాదు. సిటిజన్ గానీ గ్రీన్ కార్డు గానీ చట్టం ఒప్పుకునే అలాంటి ఇంకో స్టేటస్ గానీ ఉండాలి. "పోన్లే అక్కా, ఎఫ్‌హెచ్‌ఏకి వెళ్తాం" అంటారు, ఎఫ్‌హెచ్‌ఏ అంటే గవర్నమెంటు ఇన్సూరెన్స్ ఉన్న ఇంటి లోన్, అది కూడా 2025 మే 25 నుంచి పర్మనెంట్ రెసిడెంట్ కానివాళ్ళకి ఆపేశారు. ఇక మిగిలింది కన్వెన్షనల్ లోన్ (గవర్నమెంటు గ్యారంటీ లేని మామూలు లోన్), అది హెచ్-1బి వాళ్ళకి ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి. ఉత్త భూమికైతే లోన్ ఇంకా కష్టం, డౌన్ పేమెంట్ ఎక్కువ, వడ్డీ ఎక్కువ. పాత మొబైల్ హోమ్ (ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి పెట్టిన ఇల్లు) ఉన్న స్థలమైతే 1976 జూన్ 15 తర్వాత తయారైందో కాదో చూడండి, ఆ రోజు నుంచే హడ్ కోడ్ (అలాంటి ఇళ్ళ తయారీకి ఫెడరల్ హౌసింగ్ శాఖ పెట్టిన రూల్స్) అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వాటికి లోన్ దొరకడం చాలా కష్టం.

అపోహ: రిమోట్ జాబే కదా, ఎక్కడ కూర్చుంటే ఏంటి

గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉంటే మీ ఇష్టం, మీ కంపెనీ ఇష్టం. హెచ్-1బి అయితే మీరు ఇంట్లోంచి పని చేసినా ఆ ఇల్లే మీ వర్క్ లొకేషన్. పాత మెట్రో ఏరియా దాటి వెళ్తుంటే కంపెనీ కొత్త ఎల్‌సీఏ (పని చేసే చోటు, జీతం చూపిస్తూ లేబర్ శాఖ దగ్గర తీసుకునే కాగితం) తీసుకుని, అమెండెడ్ పిటిషన్ (మార్చిన వీసా దరఖాస్తు) మీరు మారకముందే వెయ్యాలి, 2015లో సిమియో అనే కంపెనీ వీసా కేసు తర్వాత ఇది స్పష్టమైపోయింది. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పర్మ్ మీద కూడా ప్రభావం పడొచ్చు. నా దగ్గరకొచ్చేవాళ్ళని నేను ముందు అడిగేది బడ్జెట్ కాదు, వీసా. అటార్నీతో మాట్లాడాకే ఇళ్ళు చూపిస్తాను.

అపోహ: డబ్బులు కట్టి కొన్నాం, ఇంక గవర్నమెంటుకి చెప్పాల్సిన పనేంటి

ఇది మనవాళ్ళలో దాదాపు ఎవరికీ తెలీదు, అందుకే గట్టిగా చెప్తున్నా. 1978 నుంచి ఏఎఫ్ఐడీఏ అని చట్టం ఉంది. సిటిజన్ కాని, గ్రీన్ కార్డు లేని మనిషి వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లోపు యూఎస్‌డీఏలో రైతుల వ్యవహారాలు చూసే ఎఫ్ఎస్ఏ ఆఫీసులో ఎఫ్ఎస్ఏ-153 అనే ఫారం ఇవ్వాలి. మొత్తం పదెకరాలు దాటకుండా, దాని మీద పంట అమ్మకాలు ఏడాదికి 1,000 డాలర్లు దాటకుండా ఉంటే అక్కర్లేదు. ఇవ్వకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా వెయ్యొచ్చు. హెచ్-1బి మీద ఉండి పన్నెండెకరాల గడ్డి పొలం కొన్నా ఇది వర్తిస్తుంది. దీనికి తోడు రాష్ట్రాల రూల్స్ వేరే. అయోవాలో నాన్ రెసిడెంట్ విదేశీయులు వ్యవసాయ భూమి కొనకూడదు. ఓక్లహోమాలో రాజ్యాంగంలోనే ఆంక్ష ఉంది, అక్కడ నివాసం ఉండని విదేశీయులకి భూమి హక్కు లేదు, ఇప్పుడు డీడ్‌తో పాటు అఫిడవిట్ కూడా ఇవ్వాలి. ఇండియాలో ఉన్న అమ్మానాన్నల పేరు మీద పెడదాం అనుకునేవాళ్ళు ముందు ఇది చూస్కోండి.

అపోహ: ఇన్‌కమ్ ట్యాక్స్ లేని రాష్ట్రమే చౌక

టెక్సస్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, ప్రాపర్టీ ట్యాక్స్ వాయించేస్తారు. టెనెసీలో జీతం మీద ట్యాక్స్ లేదు, సేల్స్ ట్యాక్స్ స్టేట్‌దే 7 శాతం, దాని మీద లోకల్. మా మిస్సోరీలో కార్లకి కూడా ఏటా పర్సనల్ ప్రాపర్టీ ట్యాక్స్ కట్టాలి, కొత్తగా వచ్చినవాళ్ళందరూ మొదటి డిసెంబర్‌లో కంగారుగా ఫోన్ చేస్తారు.

టెక్సస్‌లో "ఏజీ ఎగ్జెంప్షన్ ఉంది, ట్యాక్స్ ఏమీ ఉండదు" అని లిస్టింగ్‌లో రాస్తారు. సాగు భూమికి పన్ను మినహాయింపు అని దాని అర్థం, కానీ నిజానికి అది ఎగ్జెంప్షన్ కాదు, భూమిని సాగు విలువ మీద లెక్కేస్తారు అంతే, దానికి గత ఏడేళ్ళలో అయిదేళ్ళు సాగులో ఉండాలి. మీరు కొని పశువుల్ని తీసేసి పెద్ద ఇల్లు కట్టేసి మిగతాది లాన్ చేశారనుకోండి, వెనక మూడేళ్ళ తేడా ట్యాక్స్ మొత్తం వసూలు చేస్తారు. 5 నుంచి 20 ఎకరాల మధ్య అయితే తేనెటీగలు పెంచినా ఆ లెక్క కిందకి వస్తుంది, మనవాళ్ళు కొందరు చక్కగా చేస్తున్నారు.

అపోహ: భూమి మనదంటే కింద పాతాళం దాకా మనదే

టెక్సస్, ఓక్లహోమా, వెస్ట్ వర్జీనియా లాంటి చోట్ల పైన భూమి ఒకరిది, కింద ఆయిల్, గ్యాస్, బొగ్గు హక్కు ఇంకొకరిది అవ్వొచ్చు, ఎప్పుడో తాతల కాలంలో విడగొట్టి అమ్మేసి ఉంటారు. కింద హక్కున్నవాడికి పైన రిగ్గు పెట్టుకునే హక్కు కూడా ఉంటుంది. భూమి కాగితాలు పరిశీలించే టైటిల్ కంపెనీని మినరల్స్ గురించి సూటిగా అడగండి.

పడమర రాష్ట్రాల్లో నీళ్ళ హక్కు కూడా వేరే. కొలరాడోలో 35 ఎకరాల కంటే తక్కువుంటే బోరు నీళ్ళు చాలా చోట్ల ఇంట్లో వాడకానికే, బయట తోటకి వాడకూడదు. అరిజోనాలో రియో వెర్డే ఫుట్‌హిల్స్ సంగతి తెలిసే ఉంటుంది, స్కాట్స్‌డేల్ సిటీ నుంచి ట్యాంకర్లలో నీళ్ళు తెప్పించుకునేవాళ్ళు, 2023 జనవరి 1న సిటీ ఆపేసింది. మంచి ఇళ్ళు, మంచి ఉద్యోగాలున్నవాళ్ళు వాన నీళ్ళు పట్టుకుని టాయిలెట్‌కి వాడుకున్నారు. ఎడారిలో చౌక ప్లాటు ఎందుకు చౌకో అడిగితే చాలాసార్లు జవాబు నీళ్ళే.

అపోహ: జోనింగ్ లేకపోతే మనకి స్వేచ్ఛ

జోనింగ్ అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే రూల్స్. మా చుట్టుపక్కల చాలా కౌంటీల్లో అవి లేవు. మీకు స్వేచ్ఛ, పక్కవాళ్ళకీ అంతే స్వేచ్ఛ. మీరు ఇల్లు కట్టిన రెండేళ్ళకి అవతల కోళ్ళ షెడ్లు లేవొచ్చు. గోదావరి జిల్లాల వాళ్ళకి ఆ వాసన ఎంత దూరం వస్తుందో నేను చెప్పక్కర్లేదు. కోర్టుకి వెళ్దామంటే 50 రాష్ట్రాల్లోనూ రైట్ టు ఫార్మ్ చట్టాలున్నాయి, రైతుకి రక్షణ ఎక్కువ. చూడ్డానికి వచ్చినప్పుడు గాలి ఏ వైపు నుంచి వీస్తుందో చూడండి, ఆ రోడ్డు మీద మైలు దూరం నడిచి కనిపించినవాళ్ళతో మాట్లాడండి.

అపోహ: కొండ మీద ఉంటే వరద రాదు, హోమ్ ఇన్సూరెన్స్ ఉందిగా

2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను సముద్రానికి వందల మైళ్ళ దూరంలో ఉన్న నార్త్ కెరొలినా కొండల్ని ముంచేసింది. యాష్‌విల్ 2,100 అడుగుల ఎత్తులో ఉంది. మామూలు హోమ్ ఇన్సూరెన్స్‌లో వరద ఉండదు, వేరేగా తీసుకోవాలి, ఫెడరల్ ఫ్లడ్ పాలసీ తీసుకున్నాక మామూలుగా 30 రోజులు ఆగితే గానీ అమల్లోకి రాదు. ఫెమా (ఫెడరల్ విపత్తుల సంస్థ) మ్యాప్‌లో వరద జోన్ చూడటంతో సరిపెట్టుకోకుండా మీ డ్రైవ్‌వే వాగు దాటేచోట చిన్న వంతెన ఉందేమో చూడండి, అది కొట్టుకుపోతే ఇల్లు పొడిగా ఉన్నా మీరు బయటికి రాలేరు, మళ్ళీ కట్టుకునే ఖర్చు మీదే.

ఫైర్ స్టేషన్‌కి రోడ్డు మీద అయిదు మైళ్ళు దాటితే ఇన్సూరెన్స్ కంపెనీలు సాధారణంగా 10వ క్లాసులో (ఫైర్ రక్షణ అన్నిటికంటే తక్కువున్న చోటు అని) పెడతాయి, ప్రీమియం బాగా పెరుగుతుంది, కొందరు అసలు ఇవ్వరు. ఆఫర్ పెట్టకముందే కోట్ తెప్పించుకోండి.

అపోహ: హాస్పిటల్ అరగంటలో ఉంది, చాలు

ఏ హాస్పిటల్? 2010 నుంచి అమెరికా పల్లెల్లో వందకి పైగా హాస్పిటల్స్ మూతపడ్డాయి. కాన్సస్‌లో ఫోర్ట్ స్కాట్ అనే ఊళ్ళో 2018 చివర్లో ఇలాగే మూసేశారు. క్రిటికల్ యాక్సెస్ హాస్పిటల్ అంటే పల్లెల్లో ఉండే చిన్న హాస్పిటల్, 25 బెడ్లు మించవు. 2023 నుంచి రూరల్ ఎమర్జెన్సీ హాస్పిటల్ అని కొత్త రకం వచ్చింది, అందులో అడ్మిట్ చేసుకోవడమే ఉండదు. కాన్పులు చేస్తారా, రాత్రి పూట గుండె నొప్పి వస్తే ఎక్కడికి పంపుతారు, ఈ రెండు ప్రశ్నలు ఆ హాస్పిటల్‌కే ఫోన్ చేసి అడగండి. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చి ఆరు నెలలుంటారు కాబట్టి మనకి ఇది ఇంకా ముఖ్యం. ఇలాంటి ఊళ్ళలో చాలాసార్లు ఉన్న ఒక్క డాక్టరు మన తెలుగువాళ్ళే అవుతారు, జే-1 వేవర్ (ట్రైనింగ్ వీసా అయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్ళక్కర్లేకుండా ఇచ్చే మినహాయింపు) మీద మూడేళ్ళు పని చెయ్యడానికి వచ్చి అక్కడే స్థిరపడ్డవాళ్ళు, ఆ ఊరి గురించి వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

అపోహ: వెళ్తే ఎదురు డబ్బులిస్తారట

కొన్ని నిజమే. ఓక్లహోమాలో టల్సా రిమోట్ అనే ప్రోగ్రాం అక్కడికి మారే రిమోట్ ఉద్యోగులకి 10,000 డాలర్లు ఇస్తుంది, కానీ టల్సా పల్లె కాదు, పెద్ద సిటీ. కాన్సస్‌లో రూరల్ ఆపర్చునిటీ జోన్స్‌లో స్టూడెంట్ లోన్ 15,000 దాకా అయిదేళ్ళలో తీరుస్తారు. ఫ్రీ ప్లాట్లిచ్చే ఊళ్ళలో గడువులోపు ఇల్లు కట్టాలి. దేనికైనా వీసా స్టేటస్ షరతులు చదవండి.

అపోహ: అక్కడ ఎలాంటి జనం ఉంటారో ఏజెంటే చెప్తారు

"అక్కా, అక్కడ మనవాళ్ళు ఉన్నారా? సేఫేనా? ఎలాంటి జనం?" ప్రతి ఫోన్‌లో ఇదే. అడగడంలో తప్పులేదు, పిల్లల్ని తీసుకెళ్ళి పెట్టబోయే చోటు, భయం ఉంటుంది, నాకూ ఉండేది. కానీ నేను జవాబు చెప్పకూడదు. 1968 ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ ప్రకారం మతం, జాతి, పుట్టిన దేశం చూసి ఒక చోటుకి పంపడం, ఇంకో చోటు వద్దనడం చట్టవిరుద్ధం, నా లైసెన్స్ పోవచ్చు. ఆ చట్టం లేని రోజుల్లో మనలాంటివాళ్ళకే ఇళ్ళు చూపించేవాళ్ళు కాదు, అందుకే నేను దాన్ని మనస్ఫూర్తిగా పాటిస్తాను.

కాబట్టి మీరే చూడాలి. స్కూల్ గురించి స్టేట్ రిపోర్ట్ కార్డు చూడండి, వారానికి నాలుగు రోజులే నడుస్తుందేమో అడగండి, మిస్సోరీలో అలాంటి స్కూళ్ళు చాలా ఉన్నాయి, ఇద్దరూ ఉద్యోగస్తులైతే అయిదో రోజు పిల్లలు ఎక్కడ? ఇంటర్నెట్ కోసం ఎఫ్‌సీసీ (ఫెడరల్ టెలికాం సంస్థ) మ్యాప్ చూసి ఊరుకోకుండా పక్కింటివాళ్ళని అడగండి, కొన్ని చోట్ల కరెంటు కోఆపరేటివ్‌లే ఫైబర్ వేశాయి, సిటీ కంటే బాగుంటుంది. ఇల్లు కొనకముందు ఆ ఊళ్ళో ఒక వారం అద్దెకి ఉండండి, శుక్రవారం రాత్రి స్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళండి, ఊరంతా అక్కడే ఉంటుంది, మీతో ఎవరు మాట్లాడతారో ఎలా మాట్లాడతారో మీకే తెలుస్తుంది. మే నెలలో ఓజార్క్స్ అంతా పచ్చగా ఉంటుంది, ఏ ఇల్లయినా నచ్చేస్తుంది. అందుకే కొనే ముందు ఇంకోసారి ఫిబ్రవరిలో రండి, పొద్దున్నే, రాత్రి ఐస్ పడ్డాక, ఆ కంకర డ్రైవ్‌వే మీద మీ కారు ఎక్కుతుందో లేదో ఇద్దరం కలిసి చూద్దాం.