మంచం ఊగింది సరే, కదిలింది ఎక్కడ?

2014 మే 21 రాత్రి, పది గంటలకు కొద్ది నిమిషాల ముందు, శ్రీకాకుళం జిల్లాలో మంచాలు ఊగాయి. టెన్షన్‌తో జనం వీధుల్లోకి వచ్చేశారు. కాసేపటికే వివరం తెలిసింది. ఒడిశా తీరానికి దూరంగా బంగాళాఖాతంలో భూకంపం, తీవ్రత 6.0, లోతు సుమారు 50 కిలోమీటర్లు. సముద్రం అడుగున ఎవరూ చూడని ఆ చోటు ఎలా దొరికింది?

రైళ్ల లెక్కలో చెప్పుకుంటే తేలిక. విశాఖలో ఎక్స్‌ప్రెస్, పాసింజరు ఒకేసారి బయల్దేరాయనుకోండి. విజయనగరంలో వాటి మధ్య కొద్ది నిమిషాలే తేడా. ఆమదాలవలసకి అది పెరుగుతుంది, పలాసకి ఇంకా పెరుగుతుంది. ఆ తేడా చూసి, రైళ్లు ఎంత దూరం నుంచి వస్తున్నాయో పలాసలో నిలబడే చెప్పొచ్చు. భూకంపం పుట్టిన చోటు నుంచీ ఇలాగే తరంగాలు ఒకేసారి బయల్దేరతాయి. వాటిలో ముందు చేరేది పి, వెనక వచ్చేది ఎస్. భూమి పైపొరలో పి తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది, ఎస్ తరంగం మూడున్నర. రెండింటికీ 30 సెకన్ల తేడా ఉంటే కేంద్రం దాదాపు 250 కిలోమీటర్ల దూరాన ఉన్నట్టు. ఏ దిక్కున అన్నది మాత్రం తరంగాలను నమోదు చేసే ఒక్క స్టేషన్‌లోని తేడాతో తేలదు. మూడు స్టేషన్ల చుట్టూ, వాటికి తేలిన దూరాలతో మూడు వృత్తాలు గీస్తే, అవి కలిసే చోటే కేంద్రం. లోతు తేల్చడం ఇంకా కష్టం. మొదట చెప్పిన అంకెలు తర్వాత మారేది ఇందుకే. ‘ఏదో దాస్తున్నారు’ అనుకోవడం అన్యాయం.

ఈ విద్యకు మన దేశంతో పాత చుట్టరికమే ఉంది. 1897 జూన్ 12 నాటి అస్సాం భూకంపాన్ని యూరప్‌లోని పరికరాలు కూడా నమోదు చేశాయి. ఆ గీతల్లో మూడు రకాల తరంగాలను విడదీసినవాడు, ఇక్కడ జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఆర్.డి. ఓల్డ్‌హామ్. భూకంపం వచ్చిన మరుసటి ఏడాదే, 1898లో, కలకత్తా అలీపూర్‌లో అలాంటి పరికరం పెట్టారు. 1917లో విజయనగరం ప్రాంతంలో వచ్చిన భూకంపం తీవ్రత 5.5గా జాబితాల్లో ఉంది. పరికరాలు అంత తక్కువగా ఉన్న రోజుల్లో దాని కేంద్రం గురించి చెప్పేది ఉజ్జాయింపే.

అసలు మలుపు 1960లలో వచ్చింది. అణుపరీక్షలపై నిఘా కోసం అమెరికా ప్రపంచమంతా వందకు పైగా స్టేషన్లు పెట్టించింది. వాటిలో ఒకటి హైదరాబాద్‌లో. బాంబుల కోసం పెట్టిన చెవికి భూమి గుట్టు చిక్కింది! వేల కేంద్రాలను మ్యాపు మీద చుక్కలుగా పెడితే సన్నని పట్టీలు తేలాయి. భూమి పైపొర కొన్ని పెద్ద ముక్కలుగా ఉంటుంది, వాటినే ఫలకాలు అంటారు. ఆ పట్టీలే ఫలకాల అంచులు.

మనకు ఉత్తరాన హిమాలయం, ఆగ్నేయాన అండమాన్ అగాధం. రెండు అంచులూ శ్రీకాకుళానికి సుమారు వెయ్యి కిలోమీటర్లు. 2014 భూకంపం ఈ రెండు చోట్లా కాదు, ఫలకం నడుమ పుట్టింది. అలాంటివి అరుదు. చాలా పెద్దవి ఎక్కువగా అంచునే వస్తాయి. 2004 డిసెంబర్ 26 ఉదయం 6.28కి సుమత్రా దగ్గర కదిలిన నేల తాలూకు తరంగం అయిదు నిమిషాల్లోపే ఈ తీరానికి చేరింది. సునామీ అల విశాఖ చేరడానికి మాత్రం రెండున్నర గంటలు పట్టింది. ఈ వ్యవధిలోనే జనాన్ని హెచ్చరించేందుకు 2007లో హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది.