క్లే టవల్ కింది నీటిపొర

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకుడు ఇలా అడిగారు: "రోజూ కె.ఆర్.పురం రైల్వే స్టేషన్ దగ్గర కారు నిలిపి వెళతాను. తెల్ల కారు. ఎంత కడిగినా సన్నని నారింజ రంగు చుక్కలు పోవడం లేదు. తడిమితే గరుకుగా తగులుతోంది. దుకాణంలో క్లే టవల్ కొనుక్కోమన్నారు. రబ్బరు పూసిన ఆ గుడ్డతో రుద్దితే ఉన్న రంగు కూడా ఊడిరాదా? ఒక టవల్ ఎన్నాళ్లు వస్తుంది?"

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది. రబ్బరుకూ రంగుకూ మధ్య సబ్బునీటి పొర ఒకటి నిలుస్తుంది. అది ఎంత మందాన నిలిచిందన్నదే ఇక్కడ అసలు సంగతి. ఇంత సాదా వస్తువులో ఇంత అందమైన భౌతికశాస్త్రం ఉందని చాలామందికి తెలియదు.

ముందు ఆ చుక్కల సంగతి. అవి ఇనుప రజను. రైలు చక్రాలు, పట్టాలు, బ్రేకులు అరిగినప్పుడు లేచేది కొంత, మన కార్ల బ్రేకు డిస్కుల నుంచి రాలేది కొంత. కారు డిస్కు పోత ఇనుముతో చేసినది. ఔటర్ రింగ్ రోడ్డు రద్దీలో బ్రేకు నొక్కిన ప్రతిసారీ అది కొంచెం అరుగుతుంది. ఆ రజను బానెట్ మీద వాలి, మంచుకు తడిసి, తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము మునుపటికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పక్కనున్న పూతను పట్టుకుంటుంది. నల్ల కారు మీదా ఇవి ఇంతే ఉంటాయి, కంటికి ఆనవు. బెంగళూరులో వీటికి మెట్రో పనుల సిమెంటు ధూళి, అపార్ట్‌మెంట్లకు రంగు వేసేటప్పుడు గాలిలో తేలివచ్చే తుంపర, చెట్ల జిగురు తోడవుతాయి. షాంపూ వదులుగా ఉన్న మట్టిని తీసుకుపోతుంది, అతుక్కున్నదాన్ని కదిలించలేదు.

కారుకు పైన కనిపించే మెరుపంతా క్లియర్ కోటుది, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన పూతది. అది సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్ల మందం ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. కాబట్టి పాఠకుడి భయం అర్థం లేనిది కాదు.

గరుకు ఎంత ఉందో చూడడానికి డీటెయిలింగ్ (కారును నిశితంగా శుభ్రం చేసి మెరుగుపెట్టే పని) చేసేవాళ్లు కడిగిన కారు మీద చేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడుక్కుని తడుముతారు. వట్టి చేతికి నున్నగా తోచిన చోట కూడా సంచి వేసుకుంటే గింజలు గింజలుగా తగులుతుంది. మధ్యలో తెర వస్తే స్పర్శ తగ్గాలి కదా? చర్మం ఉపరితలాన్ని పట్టుకుని పక్కకు సాగడం వల్ల పుట్టే స్పర్శ చాలా బలమైనది, చిన్న ఎత్తుపల్లాలు దాని కింద మరుగున పడిపోతాయి. సంచి ఆ పక్కలాగుడును తానే మోస్తుంది. వేలికి పైకీ కిందికీ జరిగే కదలిక మాత్రమే మిగులుతుంది. పలుచని కాగితం మధ్యన ఉంటే వేలు ఎత్తుపల్లాలను ఇంకా బాగా పసిగడుతుందని 1975లోనే నేచర్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. మనిషి వేలు దాదాపు 13 నానోమీటర్ల (నానోమీటరు మైక్రానులో వెయ్యో వంతు) ఎత్తున్న ముడతలను కూడా గుర్తించగలదని 2013లో స్వీడన్ పరిశోధకులు చూపారు. అంటే క్లియర్ కోటు మందంలో మూడువేలవ వంతు! ఇంతటి పరికరం మన చేతివేళ్లలో ఉండగా, కారు శుభ్రమైందా లేదా అని కంటిని అడగడం వృథా.

ఇక టవల్. దీనికి ముందు వచ్చింది క్లే బార్. పేరులో మట్టి ఉన్నా అది మట్టి కాదు, సన్నని రాపిడి పొడి కలిపిన జిగురైన పాలిమర్ ముద్ద. జపాన్‌కు చెందిన టడావో కొడాటే ఇలాంటి మెత్తని సానపదార్థానికి 1990లలో అమెరికా పేటెంట్లు పొందారు. టవల్‌లో ఆ ముద్దకు బదులు మైక్రోఫైబర్ గుడ్డకు ఒకవైపు సింథటిక్ రబ్బరు పొర ఉంటుంది. రెండింటికీ తేడా ఒక్కటే, మిగతావన్నీ దాని నుంచే వస్తాయి. ముద్దను నొక్కితే నొక్కిన రూపంలోనే ఉండిపోతుంది, రబ్బరు నొక్కు తీయగానే వెనక్కి వస్తుంది. ఊడిన రేణువు ముద్దలో దిగబడిపోతుంది, అందుకే ముద్దను తరచూ మడిచి కొత్త ముఖం తేవాలి, కింద పడితే పారేయాలి. రబ్బరులో రేణువు దిగబడదు. పైన ఆగుతుంది, నీళ్లలో ముంచితే పోతుంది. టవల్ కింద పడినా బాగా కడిగి, వేలితో తడిమి చూసి మళ్లీ వాడుకోవచ్చు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. వానలో తడిసిన రోడ్డు మీద వేగంగా వెళ్లే టైరును తలచుకోండి. వేగం మితిమీరితే టైరు కింది నీళ్లు పక్కకు తప్పుకోలేక టైరునే పైకి లేపుతాయి. అప్పుడు స్టీరింగుకూ బ్రేకుకూ పట్టు దొరకదు. టైరుకు ప్రాణాంతకమైన ఈ స్థితే క్లే టవల్‌కు కావలసిన స్థితి. రెండూ రబ్బరే, రెండింటి కిందా నీరే. టైరు తయారుచేసేవాడు గాడులు తీసి నీటిని తరిమేస్తాడు, టవల్ వాడేవాడు నీటిని నిలబెట్టుకోవాలి.

ఎంత వేగానికి టైరు తేలుతుందో 1963లో నాసా పరిశోధకులు ఒక సూత్రం ఇచ్చారు. ఆ వేగం టైరులోని గాలి పీడనం వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 32 పి.ఎస్.ఐ. ఉన్న టైరుకు గంటకు సుమారు 95 కిలోమీటర్లు. మన చేయి టవల్‌ను గంటకు ఒక కిలోమీటరు వేగంతో జరుపుతుంది. మరి అది తేలుతుందా? తేలుతుంది, కానీ వేరే దారిలో. నాసా సూత్రంలో టైరును లేపేది నీటి జడత్వం. పలుచని పొరలో లేపేది నీటి స్నిగ్ధత, అంటే ద్రవం తన పొరలు జారకుండా ఇచ్చే అడ్డు. రోడ్డు మీద కూడా రంగు వేసిన జీబ్రా గీతల వంటి నున్నని చోట ఈ రెండోరకం జారుడు చాలా తక్కువ వేగానికే వస్తుంది. కారు రంగుకంటే నున్ననిది ఇంకేముంటుంది?

స్నిగ్ధతకు ఇంత బరువు మోసే శక్తి ఉందని తేలిన కథ చెప్పకుండా ఉండలేను. 1883లో బ్రిటన్‌లో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, కందెన పోయడానికి బేరింగు పైభాగంలో రంధ్రం చేశారు. ఇరుసు తిరుగుతుంటే నూనె ఆ రంధ్రంలోంచి పైకి పొంగింది. బిరడా పెడితే తోసేసింది, చెక్క మేకు దిగ్గొడితే దాన్నీ తోసేసింది. కదులుతున్న ఇరుసే నూనెను సన్నని సందులోకి లాగి పీడనం పుట్టిస్తోందన్నమాట. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితం రాశారు. పొర మందం స్థూలంగా స్నిగ్ధత, వేగం, జారే ముఖం పొడవు అనే మూడింటి లబ్ధాన్ని పీడనంతో భాగించి, వర్గమూలం తీస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది.

ఇందులో మన టవల్ అంకెలు వేద్దాం. అరచేతి వెడల్పున మడిచిన టవల్, పొడవు 10 సెం.మీ., వైశాల్యం 100 చదరపు సెం.మీ. దాని మీద రెండు కిలోల బరువంత నొక్కు. పీడనం దాదాపు 2 కిలోపాస్కళ్లు, టైరులో 220. వేగం సెకనుకు 30 సెం.మీ. కొద్దిగా వాలిన నున్నని పలక అనుకుంటే నీటిపొర దాదాపు 50 మైక్రాన్లు వస్తుంది. నిజమైన టవల్ ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక పొర ఇంతకంటే చాలా పలుచన. అయినా పోలికకు ఈ లెక్క చాలు. ఇప్పుడు అరచేయి తీసి, అదే బలంతో నాలుగు వేళ్ల కొనలతో నొక్కండి. వైశాల్యం 8 చదరపు సెం.మీ.కు, పొడవు ఒకటిన్నర సెం.మీ.కు పడిపోతాయి. పొర దాదాపు 5 మైక్రాన్లే! బలం మారలేదు, వేగం మారలేదు, చేయి పట్టిన తీరు మారింది, రక్షణ తొమ్మిదో వంతుకు తగ్గింది. ఏప్రిల్ ఎండలో కాగిన బానెట్ మీద పని పెట్టుకుంటే ఇంకో దెబ్బ. 20 డిగ్రీల దగ్గర నీటికి ఉన్న స్నిగ్ధత 60 డిగ్రీలకు సగానికి తక్కువవుతుంది. పొర మరో మూడో వంతు తగ్గుతుంది. ఆవిరైపోయేది వేరే లెక్క.

మరి నీటి మీద తేలుతూ ఉంటే చుక్కలు ఎలా ఊడతాయి? మళ్లీ రోడ్డుకే వెళదాం. తడి రోడ్డు మీద మామూలు వేగంలో టైరుకు పట్టునిచ్చేవి తారులోంచి పైకి పొడుచుకు వచ్చే కంకర మొనలు. అవి నీటిపొరను చీల్చుకుని రబ్బరును తాకుతాయి. బానెట్ మీద ఇనుప చుక్క ఆ కంకర మొన పని చేస్తుంది. చుట్టూ ఉన్న నున్నని రంగుకు టవల్ తగలదు, చుక్క తల మాత్రం పొరలోంచి పైకి వచ్చి రబ్బరును తాకుతుంది. చేతి బలమంతా అక్కడ పోగుపడి దాన్ని పక్కకు నెడుతుంది, అతుకు తెగుతుంది. అంటే నీటిపొర ఒక్క కందెన మాత్రమే కాదు, ఎత్తును బట్టి ఏరివేసే జల్లెడ కూడా. దానికంటే ఎత్తైనది తెగుతుంది, తక్కువది బతికిపోతుంది. పొర మరీ పలుచనైతే రంగు కూడా తెగేవాటి జాబితాలో చేరుతుంది. సన్నని గీతలు, మసకదనం వచ్చేది అప్పుడే.

మన బడుల్లో ఘర్షణ అంటే ఒక గుణకం, ఒక లంబబలం, రెంటి గుణకారం. పిల్లలు దాన్ని వస్తువు సొంత సంఖ్య అనుకుని పెద్దవాళ్లవుతారు. తడి ఘర్షణ వేగంతో, పీడనంతో, ద్రవంతో మారిపోతుందని జర్మన్ ఇంజనీరు రిచర్డ్ స్ట్రిబెక్ 1902లోనే వక్రరేఖ గీసి చూపారు. ఉపాధ్యాయులెవరైనా తడిపిన గాజుపలక మీద సైకిల్ ట్యూబు ముక్కను పిల్లల చేత నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి లాగించి చూపించండి. పట్టు ఎక్కడ వదులుతుందో వాళ్ల చేతికే తెలుస్తుంది.

ఆ వక్రరేఖలో నెమ్మది వైపున నీటిపొర తెగిపోతుంది. చేయి మలుపు తిరిగే చోట ప్రతిసారీ వేగం సున్నా అవుతుంది కదా, అక్కడ కాపాడేది షాంపూ. దాని అణువులు రంగుకూ రబ్బరుకూ అంటుకుని ఆఖరి తెరగా నిలుస్తాయి. వట్టి నీళ్లతో టవల్ వాడకూడదనేది ఇందుకే. బోరునీళ్లయినా పని జరుగుతుంది. కారు షాంపూలోని డిటర్జెంటు బట్టల సబ్బులా ఆ నీళ్లలోని కాల్షియంతో కలిసి తెట్టు కట్టదు. అయితే ఆ నీళ్లు ఆరకముందే తుడిచేయాలి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా పెట్టింది. వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసిన కావేరి నీటిని బానెట్ మీద పోయడం ఎలాగూ తప్పే.

పని క్రమం ఇక చిన్నది. ముందు కారును బాగా కడగాలి, ఎందుకంటే వదులుగా ఉన్న ఇసుక రేణువు పొరకంటే పెద్దదైతే టవల్ దాన్ని రంగు మీద ఈడ్చుకుపోతుంది. తర్వాత ఐరన్ రిమూవర్. ఇందులో థయోగ్లైకోలేట్ ఉంటుంది, ఇనుముతో కలిసి ఊదారంగు సంయోగంగా మారి జారిపోతుంది. ఆ ఘాటు వాసన గంధకానిది, వెంట్రుకలు తొలగించే క్రీముల్లో ఉండేది కూడా ఈ కుటుంబపు రసాయనమే. టవల్ చుక్క తలను మాత్రమే తెంపగలదు, వేరును కరిగించేది ఇది. దాన్ని పూర్తిగా కడిగేశాకే టవల్ పట్టాలి. నీడలో, పుష్కలంగా షాంపూ నీరు చల్లి, రెండడుగుల మేర మాత్రమే తీసుకుని, అరచేతితో తేలిగ్గా, నేరుగా ముందుకూ వెనక్కూ. మొదట గరగరమనే చప్పుడు, చేతికి అడ్డు తగలడం ఉంటాయి. చప్పుడు ఆగి టవల్ జారిపోవడం మొదలైతే అక్కడ పని అయిపోయింది, మళ్లీ రుద్దకండి. ఒక్కో భాగం కాగానే టవల్‌ను బకెట్‌లో ముంచి కడగాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. టవల్ పాత వాక్సును కూడా తీసేస్తుంది, కనుక వెంటనే కొత్త వాక్సు పట్టించాలి.

టవల్‌కు లొంగనివి ఉన్నాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్ కప్పులోంచి కారే నీళ్లలో కరిగిన సున్నం ఉంటుంది. అది గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి తెల్లని రాయిగా గడ్డకడుతుంది, కింద రంగును తినేస్తుంది. పైగడ్డను తీసినా గుంట మిగులుతుంది. గుంట పొరకు దిగువన ఉండేది కనుక టవల్‌కు అది కనిపించనే కనిపించదు. ఆయుధపూజ పసుపు మరకా అంతే, ఎత్తు లేనిది. దాని మీద టవల్ అరగదీయకండి, కారును కొన్నాళ్లు ఎండలో నిలపండి. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ వెలుతురుకు విరిగిపోతుంది. ఈసారి బొట్టు అద్దం మీద పెడితే పూజకు లోటు రాదు. మెరుపు కోసం డీజిలుతో తుడిపించే నమ్మకాన్ని మాత్రం వదిలేయాలి. నూనె సన్నని గీతల్లో నిండి కాంతి చెదరకుండా చేస్తుంది, రెండు రోజుల్లో ధూళిని పట్టుకుంటుంది. అదే డీజిలు టవల్‌కు తగిలితే రబ్బరు ఉబ్బి ఊడిపోతుంది.

టవల్ సంరక్షణంతా రబ్బరు స్వభావమే. కొత్త టవల్ ముఖం మీద అచ్చు నుంచి విడదీయడానికి వాడిన జారుడు పూత మిగిలి ఉండవచ్చు. మొదట సబ్బునీటితో ముందరి అద్దం మీద కొన్ని నిమిషాలు రుద్ది దాన్ని వదిలించాలి. పని అయ్యాక షాంపూ నీళ్లలో చేత్తో కడిగి, నీడలో ఆరవేయాలి. వాషింగ్ మెషిన్, వేడినీళ్లు, ఇస్త్రీ పనికిరావు. అన్నిటికంటే ముఖ్యం, రబ్బరు ముఖాన్ని రబ్బరు ముఖానికి తాకేలా మడవకూడదు. రబ్బరులోని పొడవాటి అణుగొలుసులు మామూలు ఉష్ణోగ్రతలోనే కదులుతుంటాయి. రెండు ముఖాలు కలిసి ఉంటే ఒకదాని గొలుసుల కొనలు రెండోదానిలోకి చొచ్చుకుపోతాయి, వేడి పెరిగితే ఇంకా త్వరగా. ఎండలో నిలిచిన కారు డిక్కీలో మడిచి పడేసిన టవల్‌ను విప్పబోతే పొర చిరిగేది అందుకే. పరిచి ఉంచండి, లేదా రబ్బరు బయటికి వచ్చేలా ఒక్క మడత వేయండి. తడి టవల్‌ను బానెట్ మీదే వదిలేసి ఫోను ఎత్తడం కూడా ప్రమాదమే. నీరు ఆరగానే రబ్బరు రంగును పట్టుకుంటుంది, తీస్తే అచ్చు మిగులుతుంది.

ఎన్నాళ్లు వస్తుందన్న ప్రశ్నకు ఎన్ని కార్లకు వాడామన్న లెక్కకంటే టవల్ ముఖమే మంచి గుర్తు. మడతల దగ్గర రబ్బరు పొట్టు లేస్తున్నా, కడిగినా వేలికి గింజలు తగులుతున్నా ఇక దాన్ని రంగు మీద పెట్టవద్దు. గాజు క్లియర్ కోటుకంటే చాలా గట్టిది. అద్దాల మీద పేరుకున్న జిగురుకు, చక్రాల రిమ్ముల లోపలివైపున పట్టిన బ్రేకు రజనుకు ఆ పాత టవల్ ఇంకా చాలా రోజులు పనికొస్తుంది.