లెబ్‌కూకెన్ రాయిలా వచ్చిందా? పారేయకండి

డిసెంబరు వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకేరకం ఫొటోలు వస్తాయి. ట్రే నిండా గోధుమరంగు లెబ్‌కూకెన్, అంటే జర్మనీలో క్రిస్మస్‌కి చేసే తేనె, మసాలా కుకీలు, కింద ఒక మెసేజ్: "అక్కా, రాయిలా వచ్చాయి. మళ్లీ చేయనా?" జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో బేకరీ పనిలో ఉన్నాను కాబట్టి ఇక్కడ చదువుకునే మన పిల్లలు, కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిలు నన్నే అడుగుతారు. ఈమధ్య గుంటూరు, విశాఖ నుంచి చుట్టాలు కూడా మొదలుపెట్టారు.

పోయిన ఏడాది ఒకమ్మాయి ఇంటి ఓనరమ్మకి ఇద్దామని అరకిలో తేనె పోసి మూడు ట్రేలు చేసింది. చల్లారాక కొరికితే పన్ను దిగలేదట. ఏడ్చుకుంటూ మొత్తం చెత్తబుట్టలో పోసి, ఆ తర్వాత నాకు ఫోన్ చేసింది. "చేసి ఎన్ని రోజులైందమ్మా?" అన్నాను. "ఇందాకే అక్కా." నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ కుకీల్లో ఏ లోపమూ లేదు. రెండు వారాలు ఆగితే సరిపోయేది.

అపోహ: గట్టిగా వస్తే చెడిపోయినట్టే.

వాస్తవం: తేనెతో చేసే బ్రౌన్ లెబ్‌కూకెన్ చేసిన రోజు గట్టిగానే ఉంటుంది. పాతకాలపు పద్ధతిలో ఈ పిండిలో వెన్న, గుడ్లు వేయరు, వేసినా కొద్దిగానే. ఓవెన్‌లోంచి తీసినప్పుడు తేనె, పంచదార ఇంకా పాకంగా ఉంటాయి కాబట్టి మెత్తగా అనిపిస్తుంది. చల్లారేసరికి పాకం బిగుసుకుంటుంది. కానీ తేనెకి గాలిలో తేమను లాక్కునే గుణం ఉంది. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో కాస్త తేమ దొరికితే చాలు, రోజురోజుకీ పీల్చుకుని మెత్తబడుతుంది. ఈలోగా లవంగం, జాజికాయ ఘాటు కూడా తగ్గి, మసాలా అంతా ఒక్కటవుతుంది. న్యూరెంబర్గ్‌లో లెబ్‌కూకెన్ చేసేవాళ్లకి 1643లోనే సొంత సంఘం ఏర్పడింది. ఫ్రిజ్‌లు లేని ఆ రోజుల్లో వారాల తరబడి నిలవ ఉండటమే దీని గొప్ప. అలాంటిదాన్ని పొయ్యి మీంచి తీసిన గంటకే రుచి చూసి తీర్పు చెప్పేస్తే ఎలా?

నేను పనిలో చేరిన మొదటి చలికాలం మా పెద్ద బేకరు మూడు వారాల కిందటి రేకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. మూత తీయగానే తేనె, లవంగం, వెనకాలే సన్నగా ఆపిల్ వాసన. పైన బటర్ పేపర్ మీద రెండు రోజుల కిందట పెట్టిన ఆపిల్ ముక్క అంచులు ముడుచుకుని తోలులా అయిపోయి ఉంది. దాని తేమంతా కుకీల్లోకి దిగింది. ఒక కుకీని బొటనవేలితో నొక్కితే గుంట పడి, మెల్లగా పైకి లేచింది. అప్పటిదాకా నేనూ ఆ ఫొటోలు పంపేవాళ్లలాగే అనుకున్నాను.

మీరూ అలాగే చేయండి. పూర్తిగా చల్లారాక డబ్బాలో సర్ది, పైన బటర్ పేపర్ వేసి, దానిమీద ఒక ఆపిల్ ముక్క. ముక్క కుకీలకి తగలకూడదు. రెండు రోజులకోసారి మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. విశాఖ, బందరు లాంటి చోట్ల సముద్రపు గాలికే తేమ ఎక్కువ కాబట్టి ఆపిల్ అక్కర్లేదు. డబ్బాలో పెట్టే ముందు ఒక పూట పళ్లెంలో ఆరుబయట పెట్టి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది.

నిజంగా చెడిపోయేది ఇంకోచోట. ఓవెన్‌లో మెత్తగా కనబడ్డాయని "ఇంకో ఐదు నిమిషాలు" పెడతారు. తేనె త్వరగా మాడుతుంది. అర సెంటీమీటరు మందం కుకీకి 175 డిగ్రీల దగ్గర 10-12 నిమిషాలు చాలు. అంచులు గట్టిపడి, మధ్యలో నొక్కితే ఇంకా మెత్తగా ఉండగానే తీసేయాలి. గట్టిదనం డబ్బాలో పోతుంది, మాడిన చేదు ఏ ఆపిల్‌తోనూ పోదు.

కలిపిన పిండిని వెంటనే కాల్చాలన్నది కూడా తప్పే. తేనె, పిండి కలిపి వారాలు, ఒక్కోసారి నెలలు చల్లని చోట ఉంచడం ఇక్కడి పాత అలవాటు. అరిసెల కోసం చేసిన పాకం చలిమిడి నిలవ ఉంటుందని తెలిసిన మనకి ఇది వింత కాకూడదు. పిండిని పొంగించే పొటాష్ మాత్రం కాల్చే ముందే కలపాలి. ఇంట్లో కనీసం ఒక రాత్రి ఆగండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కుకీలు పొంగడానికి వాడే హిర్ష్‌హార్న్‌జాల్ట్స్ అనే ఉప్పు వేస్తే ముక్కు పగిలే వాసన వస్తుంది, విషమని భయపడతారు. అది అమోనియా, పలచటి కుకీల్లోంచి వేడికి పూర్తిగా పోతుంది. పచ్చిపిండి నాకకండి, మందమైన కేకుల్లో వాడకండి, అంతే. లెబ్‌కూకెన్‌కే ఇంకో పేరైన పెఫర్‌కూకెన్ (మిరియాల కేకు) పేరు చూసి మిరియాలు దంచి పోయకండి. ఒకప్పుడు దూరదేశాల నుంచి వచ్చే మసాలాలన్నిటినీ ఇక్కడ మిరియమనే పిలిచేవారు. గరం మసాలా అసలే వద్దు, జీలకర్ర వాసన వచ్చిందంటే ఇక చేయగలిగింది లేదు. కుకీ అడుగున తెల్లగా కనిపించేది కాగితం కాదు, ఒబ్లాటె అనే పలచటి వేఫర్. దాంతోపాటే తినాలి.

దాల్చినచెక్క గురించి తల్లులు పడే టెన్షన్‌లో కొంత నిజం ఉంది. దళసరి కాసియా చెక్కలో కూమరిన్ అనే సహజ పదార్థం ఎక్కువ, అది మోతాదు మించితే కొందరికి కాలేయానికి మంచిది కాదు. ఒకటి రెండు కుకీలతో ఏమీ కాదు. చిన్నపిల్లలు రోజూ తినే ఇల్లయితే పొరలు పొరలుగా ఉండే సిలోన్ చెక్క కొనండి. ఏడాది నిండని పసిపిల్లలకి మాత్రం తేనె కుకీ వద్దు, కాల్చినా సరే.

ఆపిల్ వైద్యం స్పెకులాటియుస్, స్వీడన్ పెప్పర్‌కాకోర్ లాంటి పలచటి మసాలా బిస్కెట్లకి చేయకండి. అవి కరకరలాడాలి. అన్నీ ఒకే డబ్బాలో పెడితే కరకరలాడేవన్నీ సాగిపోతాయి.

క్రిస్మస్ ముందురోజు, 24వ తేదీకి లెబ్‌కూకెన్ కావాలంటే డిసెంబరు మొదటి వారంలో కాల్చేయండి. 22న గుర్తొచ్చిందా, కంగారుపడొద్దు. ఆ రోజు స్పెకులాటియుస్ చేయండి, చల్లారగానే తినొచ్చు.